పెట్టె రాకపోయినా పెళ్ళిరోజు జరిగింది

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

పోయిన వారం మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాసారు, అరవై దాటినవాళ్ళకి ఫారిన్ టూర్లు ఎందుకు, స్టేటస్‌లో ఫొటోలు పెట్టుకోడానికి తప్ప, ఆ డబ్బుతో కాశీ రామేశ్వరం రెండుసార్లు తిరిగిరావచ్చు కదా అని. ఆయన చెప్పినదాంట్లో సగం నిజమే, నేను కాదనను. మిగతా సగం గురించి రాద్దామని కూర్చున్నా. ఉత్తరం పెద్దదైతే మధ్యలో కత్తిరించుకోండి గానీ మందుల సంగతి, అమరావతి సంగతి మాత్రం ఉంచండి, ఆ రెండూ చెప్పడానికే ఇదంతా.

నాది గుంటూరు కొత్తపేటలో మందుల షాపు, 31 ఏళ్ళ నుంచి అదే సందు. మా ఆవిడది తెనాలి పక్క పల్లె. మా పెళ్ళి 1990 మే నెలలో. ఆ నెల అనగానే మా వయసు వాళ్ళకి గుర్తొచ్చేది ఒకటే, 9వ తారీఖు తుఫాను. మా ముహూర్తం 11న. పందిరి ఎగిరిపోయింది, కరెంటు లేదు, రోడ్ల మీద చెట్లు, వంటవాళ్ళు రాలేదు, నేను పెళ్ళికొడుకుని పంచె పైకి కట్టుకుని ఆరు కిలోమీటర్లు బురదలో నడిచి వెళ్ళా. నా బట్టల పెట్టె వేసుకున్న ఎడ్లబండి మధ్యలో కాలువ దగ్గర ఆగిపోయింది. మా బావమరిది పంచె కట్టుకుని పెట్రోమాక్స్ లైట్ల వెలుతురులో తాళి కట్టాను. అదేమంటే ఇప్పటికీ మా ఆవిడ, "నేను కట్టుకున్నది మా అన్నయ్య పంచెని" అంటుంది.

35వ పెళ్ళిరోజుకి ఎటైనా వెళ్దాం అని నేనే అన్నా. లండన్ అంది. ఎందుకంటే వాళ్ళ చెల్లెలి కొడుకు అక్కడ ఈస్ట్ హామ్‌లో ఉంటాడు, హోటల్ ఖర్చు మిగులుతుంది అని. అంత లెక్కల మనిషి.

మేలో వెళ్దామనుకుంటే కుదర్లేదు. ముందు ఆవిడ పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకి టెన్త్ సర్టిఫికెట్లో పుట్టింటి పేరు పొడి అక్షరం, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, పాస్‌పోర్టులో ఏదీ లేదు, ఇది మామూలే. మేం దారిలో దుబాయ్‌లో రెండ్రోజులు ఆగుదామనుకున్నాం, వాళ్ళు 2022 నవంబర్ నుంచి విజిట్ వీసా మీద అలాంటి ఒంటిపేరు పాస్‌పోర్టులతో ఇబ్బంది పెడుతున్నారని ఏజెంట్ చెప్పాడు. సరే విజయవాడ వెళ్ళి రీ-ఇష్యూకి పెట్టాం. ఈలోపు 2025 మేలో పాకిస్తాన్‌తో గొడవ, ఉత్తరాన చాలా ఎయిర్‌పోర్టులే మూసేసారు. జూన్‌లో అహ్మదాబాద్‌లో లండన్ విమానం కూలిపోయిన సంగతి టీవీలో చూసాక మా ఆవిడ లండన్ మాటెత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. నెలన్నర ఎవరం మాట్లాడలేదు దాని గురించి. చివరికి ఆగస్టులో ఆవిడే, వీసాకి డబ్బు కట్టాం కదా 127 పౌండ్లు చొప్పున, అది తిరిగి ఇవ్వరు కదా అని అడిగింది. ఇవ్వరు అన్నా. అయితే పోదాం అంది.

సెప్టెంబర్ 6 రాత్రి శంషాబాద్ నుంచి బయల్దేరాం, దుబాయ్ ఆగడం మానేసి గల్ఫ్‌లో విమానం మారడం మాత్రమే పెట్టుకున్నాం. అక్కడ మారడానికి గంటా ఇరవై నిమిషాల టైం ఉంది టికెట్ మీద. ఇదిగో ఇక్కడ నా మొదటి తప్పు. రెండొందల రూపాయల బస్ టికెట్‌కి పది యాప్‌లు వెతికే మనిషిని, లక్షన్నర పెట్టి కొన్న టికెట్లో రెండు విమానాలకి మధ్య ఎంత టైం ఉందో చూడలేదు. మొదటి విమానం నలభై నిమిషాలు లేటు. దిగి పరిగెత్తాం అండి, 62 ఏళ్ళ నేను, 57 ఏళ్ళ ఆవిడ, మోకాళ్ళ నొప్పి మనిషి, చేతిలో చెప్పులు పట్టుకుని పరిగెత్తింది. గేటు మూసేలోపు ఎక్కేసాం. మేం పరిగెత్తాం సరే, పెట్టె పరిగెత్తలేదు కదా. ఒక విమానం పొట్టలోంచి తీసి స్కాన్ చేసి ఇంకోదాంట్లో వెయ్యాలి, మనకన్నా దానికి ఎక్కువ టైం కావాలి. మధ్యలో కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి ఎవరైనా.

లండన్‌లో దిగాక బెల్ట్ దగ్గర నిలబడ్డాం. మా ఎర్రది వచ్చింది, పచ్చళ్ళూ పొడులూ, నా బట్టలూ ఉన్నది. ఆవిడది రాలేదు. అందరూ వెళ్ళిపోయారు, బెల్ట్ మీద ఎవరిదో గొడుగొక్కటి తిరుగుతోంది. ఆవిడ బెల్ట్ వైపే చూస్తా, "పెళ్ళికీ పెట్టె రాలేదు, పెళ్ళిరోజుకీ రాలేదు" అంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

కౌంటర్లో అమ్మాయి ఒక అట్ట చూపించింది, దాని మీద రకరకాల పెట్టెల బొమ్మలు, చక్రాలు రెండున్నవి, నాలుగున్నవి, గట్టివి, మెత్తవి, అన్నిటికీ నంబర్లు, పక్కన రంగులు. మా ఆవిడ వంకాయ రంగు అంది. ఆ అట్టలో వంకాయ రంగు లేదు. నీలమా, ఊదా అని మేమిద్దరం అక్కడే వాదించుకున్నాం, వెనకాల లైన్లో వాళ్ళు చూస్తున్నారు. కాగితం రాసి ఒక నంబర్ ఇచ్చారు. ఆ కాగితం తీసుకోకుండా బయటికి రావద్దు, పీఐఆర్ అంటారు, అది లేకపోతే తర్వాత మన మాటకి విలువ లేదు. ఇంకోటి, పెట్టె ఆలస్యంగా వచ్చినా నష్టం అడగొచ్చు, మాంట్రియల్ ఒప్పందం అని ఉంది, ఇండియా 2009లో అందులో చేరింది, పెట్టె చేతికొచ్చిన 21 రోజుల్లోగా రాతలో పెట్టాలి, దెబ్బతింటే 7 రోజుల్లోనే. కొన్న బ్రష్షు, బనీన్ల బిల్లులు కూడా దాచిపెట్టాలి. ఇదంతా నాకు అప్పుడు తెలీదు, ఇంటికొచ్చాక ఒక లాయర్ గారు షాపుకి దగ్గుమందుకొచ్చి చెప్పారు. క్లెయిమ్ పెట్టాను, మెయిల్ మీద మెయిల్ నడుస్తోంది, ఆ కంపెనీ పేరు ఇక్కడెందుకు లెండి.

బయటికొచ్చి రైలు ఎక్కుదామంటే అక్కడ ఇంకో సినిమా. ఈస్ట్ హామ్ అబ్బాయికి ఆదివారం డ్యూటీ, రాలేనని ముందే చెప్పాడు, "పెదనాన్నా, మీ కార్డు గేటు మీద ఆనిస్తే చాలు తలుపు తెరుచుకుంటుంది" అన్నాడు. ఆనించా, తెరుచుకుంది, లోపలికెళ్ళా. కార్డు గేటు మీదుగా ఆవిడకిచ్చా. ఆవిడ ఆనించింది. ఎర్ర లైటు. మళ్ళీ ఆనించింది. మళ్ళీ ఎర్ర లైటు. ఒక కార్డు మీద ఒక మనిషే పోవాలంట, మనిషికో కార్డు ఉండాలంట. నేను లోపల, ఆవిడ బయట. రెండో బ్యాంకు కార్డు ఇచ్చా, దాంట్లో ఫారిన్ వాడకం ఆన్ చెయ్యలేదు. 2020 నుంచి ఆర్బీఐ రూల్ అది, కొత్త కార్డు ఇచ్చేటప్పుడు దేశం వరకే పనిచేసేలా ఇస్తారు, బయట వాడాలంటే మనమే ఆన్ చేసుకోవాలి. యాప్‌లో చేద్దామంటే ఓటీపీ ఇండియా సిమ్‌కి వస్తుంది, ఆ సిమ్‌కి రోమింగ్ వేయించలేదు. అన్నీ ఒకదానికొకటి ముడి. ఆవిడ గేటుకి అటువైపు హ్యాండ్‌బ్యాగ్ గుండెలకి పట్టుకుని నిలబడి, "ఏవండీ, వదిలేసి వెళ్ళిపోకండి" అంటోంది, ఎక్కడికి వెళ్తానే తల్లీ నేను.

వెనకాల నుంచి "అంకుల్ ఏ ఊరు మీది" అని వినిపించింది. పాతికేళ్ళ కుర్రాడు, నరసరావుపేట అంట, సెప్టెంబర్ కదా కొత్తగా చదువుకోడానికొచ్చే ఫ్రెండ్ కోసం ఎయిర్‌పోర్టుకొచ్చాడు. తన దగ్గరున్న ఇంకో కార్డు ఆవిడ చేతికిచ్చి, దిగేచోట కూడా ఇదే ఆనించండి ఆంటీ, కార్డు మీ అబ్బాయి దగ్గర ఉంచండి నేను తీసుకుంటా అన్నాడు. ముక్కూ మొహం తెలీని వాళ్ళకి బ్యాంకు కార్డు ఇచ్చేసాడు అండి. పౌండ్లు ఇవ్వబోతే, మా నాన్న కూడా కొత్తపేటకే హాస్పిటల్‌కి వస్తాడు అంకుల్, ఏదన్నా మందుకి రేటు తగ్గించండి చాలు అన్నాడు. తగ్గిస్తాను అన్నా. వాళ్ళ నాన్న ఇంకా రాలేదు.

ఇక మందుల సంగతి. ఇది కొంచెం సిగ్గుపడుతూనే రాస్తున్నా.

మా ఇద్దరి బిళ్ళలూ ఆ రాని పెట్టెలో ఉన్నాయి. నాకు బీపీ, షుగర్, ఆవిడకి థైరాయిడ్. నెలకి సరిపడా నా చేత్తో నేనే సర్ది, ఎండ తగలకుండా బట్టల మధ్య పెట్టి, చెకిన్ లగేజ్‌లో వేసా. షాపుకొచ్చే ప్రతి ముసలాయనకీ ప్రయాణంలో మందులు చేతిసంచిలో పెట్టుకోండి బాబాయ్ అని చెప్పే మనిషిని నేను. ఆదివారం రాత్రి అబ్బాయి వాళ్ళింట్లో కూర్చుని ఆవిడ ఏమీ అనలేదు, అనకపోవడమే ఎక్కువ బాధగా ఉంది నాకు.

సోమవారం పొద్దున వీధి చివర మందుల షాపుకెళ్ళాం. మన దగ్గరైతే పాత స్ట్రిప్ ముక్క చింపి తెచ్చి "ఇది ఒక పది ఇవ్వు" అంటారు, ఇచ్చేస్తాం, ఇవ్వకపోతే పక్క షాపుకెళ్తారు. అక్కడ చీటీ లేకుండా బీపీ బిళ్ళ ఒక్కటి రాదు. తలనొప్పికి పారాసిటమాల్ కొనాలన్నా సూపర్ మార్కెట్లో ప్యాకెట్‌కి 16 బిళ్ళలే. నేను నా గోడు చెప్పుకున్నా. ఫార్మసిస్ట్ నడివయసావిడ, గుజరాతీ ఇంట్లో అక్కడే పుట్టి పెరిగినావిడ, కౌంటర్ మీద మాట్లాడకుండా పక్కన చిన్న గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. అత్యవసరంగా ఇచ్చే పద్ధతి ఒకటి చట్టంలో ఉంది గానీ అది అక్కడి, యూరప్ డాక్టర్లు ఇదివరకు రాసిన మందులకేనంట, మన చీటీకి వర్తించదంట. అయితే ఆవిడ చీటీ రాసే అర్హత కూడా ఉన్న ఫార్మసిస్ట్, నమ్మకం కుదిరితే తనే రాసిస్తానంది.

ప్రిస్క్రిప్షన్ చూపించమంది. అది గుంటూరులో నా గల్లాపెట్టె పక్క క్లిప్ బోర్డుకి ఉంది. అక్కడ పొద్దున తొమ్మిదిన్నర అంటే మనకి మధ్యాహ్నం రెండు. మా షాపు కుర్రాడు ఆ టైంలో షట్టర్ సగం దించి కునుకు తీస్తాడు, అది నాకు తెలుసు, వాడికి నాకు తెలీదనుకుంటాడు. పదకొండోసారి ఫోన్ ఎత్తాడు. ఫొటో తీసి పంపాడు, మసకగా. మళ్ళీ పంపాడు, ఈసారి చీటీ మీద వాడి బొటనవేలు. మూడోది పనికొచ్చింది.

ఆవిడ ఎన్ని ప్రశ్నలు అడిగిందో చెప్తే నమ్మరు. ఆఖరి బిళ్ళ ఎప్పుడేసుకున్నారు, ఎన్నేళ్ళుగా, ఇంకేమన్నా వాడుతున్నారా, పడదా ఏదన్నా, కళ్ళు తిరుగుతున్నాయా. బీపీ చూసింది. అన్నీ రాసుకుంది. మన దగ్గర థైరాయిడ్ 75 అంటే ఒక బిళ్ళే కదా, ఆవిడ 50ది ఒకటి, 25ది ఒకటి రెండు కలిపి ఇచ్చింది, రెండూ కలిపి పరగడుపున అని మా ఆవిడ చేత తిరిగి చెప్పించుకుంది. అక్కడ స్ట్రిప్‌కి 14, డబ్బాకి 28, నాలుగు వారాల లెక్క, మనకి మాత్రం పదులు పదిహేనులు. పది రోజులకి ఇచ్చింది. రేటు ఇక్కడ రాయను, రాస్తే మా కొత్తపేట షాపుల వాళ్ళంతా నవ్వుతారు. బయటికొస్తూ నేనూ ఇదే షాపు నడుపుతానని చెప్పా. ఆవిడ ఒక్క క్షణం చూసి, "మరి చెకిన్‌లో ఎలా వేసారు?" అంది. 

పేపర్ వాళ్ళకి నా మనవి, ఇది కాస్త పెద్దక్షరాల్లో వెయ్యండి. మందులు చేతిబ్యాగ్‌లో, వాటి స్ట్రిప్‌లతో సహా, డబ్బాల్లో కలిపెయ్యకుండా. చీటీ కాగితం బ్యాగ్‌లో ఒకటి, ఫోన్‌లో ఫొటో ఒకటి. కంపెనీ పేరు కాదు, మందు అసలు పేరు తెలిసుండాలి, మన కంపెనీ పేర్లు అక్కడ ఎవరికీ తెలీవు. గల్ఫ్‌లో దిగేవాళ్ళు మసాలాపొడిలో గసగసాలు లేకుండా చూసుకోండి, ఎమిరేట్స్‌లో అవి నిషేధం. యూకేలోకైతే నెయ్యి, పాలకోవా లాంటి పాల సరుకు తీసుకెళ్ళకూడదు. మా బావమరిది ప్రేమగా తెచ్చిన కేజీ పాలకోవా శంషాబాద్ పార్కింగ్‌లో కారు డిక్కీ మీద పెట్టుకుని నలుగురం తినేసాం. దిగేటప్పటికి షుగర్ ఎంతుందో చూసుకోలేదు.

ఆ సోమవారం నుంచి లండన్‌లో సమ్మె వల్ల ట్యూబ్ రైళ్ళు, అంటే భూగర్భ రైళ్ళు, దాదాపు నడవలేదు, 8 నుంచి 11 దాకా నాలుగు రోజులు. ఈస్ట్ హామ్ స్టేషన్ దగ్గర గేటు మూసి ఉంది. బస్సులు చూస్తే మన పుష్కరాలప్పటి బస్సులు. ఎలిజబెత్ లైన్ అనే వేరే రైలు మాత్రం నడుస్తోందంటే దానికోసం రోజూ మేనర్ పార్క్ దాకా ఇరవై, పాతిక నిమిషాలు నడిచేవాళ్ళం. ఆవిడ కోడలి ప్యాంటు, అబ్బాయి జర్కిన్ వేసుకుని నడిచింది, 35 ఏళ్ళలో మొదటిసారి ప్యాంటులో చూసా, ఫొటో తియ్యనివ్వలేదు. మొదటిరోజు మోకాళ్ళు అంది, రెండోరోజు అనలేదు, మూడోరోజు నాకన్నా ముందు నడుస్తోంది.

బిగ్ బెన్, ప్యాలెస్, లండన్ ఐ అన్నీ చూసాం, అందరూ చూసేవే, రాయను. థేమ్స్ గురించి మాత్రం ఒక మాట. ప్రకాశం బ్యారేజ్ మీద నిలబడి కృష్ణ చూసే కళ్ళకి అది పెద్ద కాలువే. కానీ పొద్దున చూస్తే గట్టున బురద, రాళ్ళు, సాయంత్రం వస్తే గోడ సగం దాకా నీళ్ళు. సముద్రం పోటు అంత దూరం లోపలికొస్తుందంట.

మంగళవారం లివర్‌పూల్ స్ట్రీట్‌లో దిగి టవర్ ఆఫ్ లండన్ దాకా నడిచాం. కోహినూర్ ఉండేది అక్కడే, 1937లో చేసిన కిరీటంలో. ఫొటోలు తియ్యకూడదు, కిరీటాల ముందు మనల్ని నిలబడనివ్వకుండా కింద నేల కదులుతుంది, ఎయిర్‌పోర్టుల్లో ఉంటుందే అలాంటిది. మా ఆవిడ దిగి, వెనక్కెళ్ళి మళ్ళీ ఎక్కింది, మూడుసార్లు. ఆ వజ్రం కొల్లూరు గనిలో దొరికిందని చెప్తారు. తెనాలి పక్క కొల్లూరు కాదు, వాళ్ళ పుట్టింటి వాళ్ళంతా అదే అనుకుని సంబరపడుతుంటారు, ఇది పల్నాడు వైపు కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు, ఇప్పుడు పులిచింతల నీళ్ళకింద ఉంది. 1852లో లండన్‌లో మళ్ళీ సానపట్టినప్పుడు 186 క్యారట్లది 105కి దిగిపోయిందంట. ఇది విని మా ఆవిడ, మన కంసాలి కూడా ఇంత తరుగు తియ్యడు అంది.

బుధవారం బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళేసరికి నాలుగున్నర, ఐదింటికి మూసేస్తారు. తప్పు మాదే, దారిలో ఒకచోట కూర్చుని టీ తాగుతూ లేవలేదు. శుక్రవారమైతే రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉంటుందని గేటు దగ్గర చెప్పారు. సరే అని తిరిగొచ్చేసాం, మళ్ళీ మేనర్ పార్క్, మళ్ళీ నడక.

శుక్రవారం పొద్దున పెట్టె వచ్చింది. వ్యాన్‌వాడు గుమ్మంలో పెట్టి సంతకం పెట్టించుకుని పోయాడు. ఆవిడ హాల్లో కింద కూర్చుని తాళం తీసి ఒక్కొక్కటీ బయటికి తీసింది. బిళ్ళలన్నీ ఉన్నాయి. మధ్యలో గోంగూర సీసా ఒకటి దాచిపెట్టిందంట నాకు తెలీకుండా, మూతకి మా షాపు మెడికల్ ప్లాస్టరే నాలుగు చుట్లు, చుక్క కారలేదు. పెళ్ళిరోజుకని కొన్న మంగళగిరి పట్టుచీర, ఇస్త్రీ మడత చెదరలేదు. ఇవాళే పెళ్ళిరోజు అనుకుందాం అంది. ఆ చీర కట్టుకుని, కింద స్పోర్ట్స్ షూస్, పైన అబ్బాయి జర్కిన్, అలా బయల్దేరాం మ్యూజియంకి. టికెట్ లేదు, ఊరికే చూడొచ్చు.

ముందు ఈజిప్ట్ శవాల దగ్గర జనం తిరునాళ్ళలా ఉన్నారు. మాకు కావాల్సింది 33ఏ నంబర్ గది. మన దేశం, చైనా వస్తువులున్న పెద్ద హాలు చివర అద్దాల గోడ, దాని వెనకాల ఇంకో గది, గాలిలో తేమ మారకుండా అలా కట్టారంట. ఆ గదిలో మేం ఇద్దరం, కుర్చీలో ఒక గార్డు, అంతే. లోపలికి అడుగుపెట్టగానే చుట్టూ అమరావతి. బౌద్ధ స్తూపం రాళ్ళు, కంచె స్తంభాలు, పువ్వులు, ఏనుగులు, ఐదేసి ఆయక స్తంభాలతో (స్తూపానికి నాలుగు దిక్కులా నిలబెట్టేవి) బొమ్మ స్తూపాలు, కొండచిలువంత లావు పూలదండని భుజాల మీద మోసుకుంటూ వరసగా మనుషులు. బోర్డు మీద అమరావతి అనే మాట ఆవిడ వేలు పెట్టి ఒక్కో ఇంగ్లీష్ అక్షరం కూడబలుక్కుని పైకి చదివింది. గార్డు తలెత్తి చూసాడు.

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. ఒక రాయి దగ్గర వంగి, "ఏవండీ, ఇది మా వసారాలో నాపరాయిలా ఉంది కదా" అంది. నేను నవ్వా గానీ చూస్తే నిజమే, అది పలనాటి సున్నపురాయే, కాస్త ఆకుపచ్చ తిరిగిన తెలుపు. ఆవిడ చిన్నప్పుడు అలాంటి రాళ్ళ మీదే పడుకుని చదువుకుందంట, వేసవిలో చల్లగా ఉంటాయని. చెయ్యి ముందుకి చాపింది, ముట్టుకోకూడదని గుర్తొచ్చి, జానెడు దూరంలో ఆపి, ఆ పూలదండ ఎటుపోతే అటు గాల్లోనే చెయ్యి పోనిచ్చింది. గాజుల చప్పుడు ఆ గదిలో అంత వినిపించింది. ఆ చెయ్యి ఫొటో తీసా.

ఆ రాళ్ళ కథ మన జిల్లా వాళ్ళకి కొంచెం తెలిసే ఉంటుంది. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అమరావతిలో ఊరు కట్టిస్తూ దిబ్బ తవ్విస్తుంటే రాళ్ళు బయటపడ్డాయి, 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి మెకంజీ దొర వచ్చి చూసాడు, తర్వాత 1816లో మళ్ళీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాస్ పంపాడు, అక్కడ ఎండకీ వానకీ పడి ఉన్నవి 1859లో ఓడెక్కాయి. లండన్‌లో కూడా కొన్నాళ్ళు గుర్రబ్బండ్ల షెడ్డులో పడి ఉన్నాయంట. 1880లో ఈ మ్యూజియంకి చేరాయి. కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో, కొన్ని మన అమరావతిలో. ఒకే రాయికి ముందువైపు ఒక కాలంలో చెక్కి, దాదాపు మూడొందల ఏళ్ళ తర్వాత తిప్పి వెనకవైపు మళ్ళీ చెక్కిన పలక కూడా ఉంది వాళ్ళ దగ్గర. మనవాళ్ళు అప్పుడు కూడా దేన్నీ వృథా చేసేవాళ్ళు కాదు.

ఎనిమిదిన్నరకి గంట కొట్టి బయటికి పంపించేదాకా అక్కడే ఉన్నాం. మెట్ల మీద కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న గోంగూర బ్రెడ్డు మీద రాసుకుని తిన్నాం. పెళ్ళిరోజు భోజనం అదే.

ఇప్పుడు నా మనవి రెండోది. గుంటూరు నుంచి అమరావతి ముప్పై చిల్లర కిలోమీటర్లు. అమరేశ్వరుడి గుడికి ఏటా వెళ్తాం, కార్తీకంలో రెండుసార్లు. పక్కనే ఉన్న మ్యూజియంకి నేను ఆఖరిసారి వెళ్ళింది ఎనిమిదో తరగతిలో, మాస్టారు తీసుకెళ్తే. మా ఆవిడ అసలు వెళ్ళలేదు. విమానమెక్కి వెళ్ళి చూసొచ్చి, ఇంటికొచ్చిన వారానికి ఇద్దరం ఉత్సాహంగా స్కూటర్ మీద అమరావతి వెళ్ళాం. మూసి ఉంది. శుక్రవారం అక్కడ సెలవంట. లండన్‌లో శుక్రవారమే పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది, ఇక్కడ శుక్రవారమే సెలవు, ఎవర్నీ అనడానికి లేదు, చూసుకోకపోవడం మా ఇంటి ఆచారం. ఆదివారం మళ్ళీ వెళ్ళాం, బాగా ఉంచారు, రాళ్ళు మనకి ఇంకా దగ్గరగా చూసుకోవచ్చు.

నేననేది, లండన్‌లో, చెన్నైలో ఉన్న రాళ్ళ పెద్ద ఫొటోలు, నిలువెత్తువి, ఏ రాయి స్తూపంలో ఎటువైపు ఉండేదో గుర్తులతో అమరావతిలో ఒక గది నిండా పెట్టొచ్చు కదా. అసలు రాళ్ళు తిరిగిస్తారో లేదో అది పెద్దవాళ్ళు తేల్చుకునే విషయం, ఫొటోలకి ఎవరి పర్మిషన్లు ఎంత కావాలన్నా అది జరిగే పనే. స్కూలు పిల్లలకి ఒక్కచోట మొత్తం స్తూపం కనిపిస్తుంది. మీ పేపర్లో దీని గురించి రాస్తే అధికారుల దాకా వెళ్తుందని ఆశ.

కాశీ రామేశ్వరం వెళ్ళమన్న పెద్దాయనకి కూడా చెప్తున్నా, వెళ్తాం సార్, కాశీకి వచ్చే ఏడాది టికెట్లు చూస్తున్నాం, రెండు రైళ్ళకి మధ్య ఐదు గంటలు ఉండేలా చూస్తున్నా ఈసారి.

ఫొటోలు రెండు జత చేసాను. ఒకటి రాయి ముందు గాజుల చెయ్యిది, ఒకటి మెట్ల మీద మేమిద్దరం బ్రెడ్డు తింటున్నది, మమ్మల్ని తీసుకెళ్ళడానికొచ్చిన అబ్బాయి తీసాడు. ఒకటే వెయ్యగలిగితే చెయ్యి ఫొటో వెయ్యండి. రెండోదాంట్లో పట్టుచీర కింద షూస్ కనిపిస్తున్నాయని ఆవిడ ఒప్పుకోవట్లేదు.

ఇట్లు,
మందుల షాపు యజమాని,
కొత్తపేట, గుంటూరు